సంపు మోటారు నీళ్లు ఎక్కించకపోతే విప్పే ముందు చూడవలసినవి

సంపులోని నీళ్లు పైట్యాంకుకు ఎక్కడం ఆగిపోయిందంటే, వెంటనే మోటారు విప్పి వైండింగు దుకాణానికి పట్టుకుపోవడం మన దగ్గర బాగా అలవాటైన పని. అక్కడ ఒకసారి బల్ల మీదికి ఎక్కిన మోటారు ఏదో ఒక ఖర్చు పెట్టించకుండా కిందికి దిగదు. మా కాలనీలో ఇరుగుపొరుగువారి మోటార్లు చూస్తూ వచ్చిన అనుభవంతో నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటుంది. ఇళ్లలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మోటారు లోపలివి కావు. అవి నీటి వల్లనో, పైపు వల్లనో, కరెంటు వల్లనో వచ్చేవి. లోపల రాగితీగ చుట్టలు, అంటే వైండింగు, నిజంగానే కాలిపోయిన సందర్భాల్లో కూడా, దాన్ని కాల్చింది చాలావరకు ఆ మూడింటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. అసలు కారణాన్ని సరిచేయకుండా వైండింగు కట్టిస్తే కొత్త రాగితీగ కూడా అదే దారిన పోతుంది.

నల్లగొండ పట్టణానికి పానగల్లులోని ఉదయ సముద్రం నుంచి కృష్ణా నీళ్లు వస్తాయి. నల్లా వచ్చినప్పుడు సంపు నింపుకోవడం, తర్వాత తీరిగ్గా మోటారు వేసి పైకి ఎక్కించుకోవడం ఇక్కడి ఇళ్ల పద్ధతి. నల్లా చాలని ఇళ్లలో బోరు నీళ్లను కూడా అదే సంపులోకి వదులుతారు. అంటే వానాకాలంలో నది నీటితో వచ్చే ఒండ్రునూ, ఎండాకాలంలో బోరు నీటిలోని సున్నపు గట్టిదనాన్నీ ఆ చిన్న మోటారే భరించాలి. దాని కష్టాల్లో సగం ఈ రెండింటి నుంచే మొదలవుతాయి.

మోటారు మొండికేసినప్పుడు మొదట చూడవలసినవి రెండే: స్విచ్చు వేయగానే శబ్దం ఎలా ఉంది, పైన ట్యాంకులో నీళ్లు పడుతున్నాయా లేదా. ఈ రెండింటికీ సమాధానం దొరికితే లోపం ఎక్కడుందో ముప్పాతిక వంతు తెలిసిపోయినట్లే. అయితే చేయి పెట్టే ముందు కరెంటును ఎంసీబీ దగ్గరే, అంటే ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయే బోర్డు స్విచ్చు దగ్గరే ఆపాలి. మోటారు పక్కనున్న స్విచ్చు ఒక్కటి ఆపితే సరిపోదు. వైరింగు చేసినవారు ఆ స్విచ్చును పొరపాటున న్యూట్రల్ తీగ మీద కలిపి ఉంటే, స్విచ్చు ఆపినా కరెంటు తెచ్చే ఫేజు మోటారు దాకా వచ్చే ఉంటుంది. సంపు చుట్టూ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్తలో మినహాయింపు ఉండకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, మోటారు హాయిగా తిరుగుతూనే చుక్క నీరు కూడా ఎక్కకపోవడం. మొన్నటి ఎండాకాలంలో మా వెనక వీధిలో ఉండే ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, మోటరు మంచిగనే తిరుగుతుంది గని నీళ్లు గుంజుతలేదు, వైండింగుకు ఏసుకపోవాల్నా?" అని అడిగాడు. "వైండింగు పోతే మంచిగెట్ల తిరుగుతది తమ్మీ, పా చూద్దాం" అని వెళ్లాను. మోటారు ఆపి, పంపు నెత్తి మీద నీళ్లు పోయడానికి ఉండే ప్రైమింగు బిరడాను పానాతో విప్పి, చెంబుతో నీళ్లు పోశాం. బుడగలు రావడం ఆగి నీళ్లు అంచుదాకా నిలిచాయి. అక్కడే కూర్చుని చూస్తుండగా, ఆ నీటిమట్టం కళ్ల ముందే మెల్లగా దిగి గుంతలోకి మాయమైంది. పోసిన నీళ్లు సంపులోంచి నీటిని పీల్చే సక్షన్ పైపు గుండా తిరిగి సంపులోకి జారిపోతున్నాయన్నమాట. ఆ పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వును పైకి లాగి చూస్తే, లోపలి రబ్బరు మూతకూ అది కూర్చునే అంచుకూ మధ్య గోరంత తెల్లని పీవీసీ పొట్టు ఇరుక్కుని ఉంది. అంతకు వారం ముందు ఇంట్లో పైపు కోసి కొత్త నల్లా బిగించారట. ఆ పొట్టు సంపులో పడి ఇక్కడ చేరింది. దాన్ని తీసి, అంచు తుడిచి, మళ్లీ దింపి నీళ్లు పోసి స్విచ్చు వేయగానే పైన ట్యాంకులో ధార శబ్దం వినిపించింది.

ఈ పరీక్ష ఎవరైనా చేసుకోదగినదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సంపు పక్కన నేల మీద ఉండే మామూలు మోటారు, సక్షన్ పైపు నిండా నీళ్లుంటేనే కింది నీళ్లను అందుకోగలదు. ఆ నీళ్లను జారిపోకుండా ఆపేది పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు. నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు గమనించినప్పుడు మట్టం దిగిపోతే ఆ వాల్వులో చెత్త ఇరుక్కున్నదనో, దాని రబ్బరు అరిగిపోయిందనో అర్థం. మట్టం కదలకుండా నిలిచినా మోటారు వేశాక నీళ్లు రాకపోతే, అప్పుడు సక్షన్ వైపు ఎక్కడో గాలి పీల్చుకుంటోందని అనుమానించాలి. చిల్లుపడిన గొట్టంతో కొబ్బరినీళ్లు తాగినట్లే, వెంట్రుకవాసి సందు ఉన్నా నీటికి బదులు గాలే వస్తుంది. ఈ సందు సాధారణంగా యూనియన్ దగ్గర, అంటే పైపు కోయకుండా విప్పుకోవడానికి పెట్టే జాయింటు దగ్గర ఉంటుంది. ఎండకు అందులోని రబ్బరు రింగు గట్టిపడి పగులుతుంది. మోటారు నడుస్తున్నప్పుడు ఒక్కో జాయింటుకూ తడిగుడ్డ గట్టిగా చుట్టి చూస్తే, ఏ జాయింటుకు చుట్టినప్పుడు ధార పెరుగుతుందో లోపం అక్కడే ఉన్నట్లు. గుడ్డ చుట్టేది పైపుకే తప్ప మోటారుకు కాదని, ఎర్తింగు సరిగ్గా ఉన్న ఇంట్లోనే ఈ పని చేయాలని మరిచిపోవద్దు. దొరికిన జాయింటు విప్పి, రింగు మార్చి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలు. పైనుంచి ఎం-సీల్ ముద్ద పూయడం కొన్నాళ్లకే గానీ నిలవదు.

గాలి పీల్చడానికి ఇంకో కారణం సంపులో నీళ్లు తగ్గిపోవడం. ఫుట్‌వాల్వు మీద కనీసం ఒక అడుగు నీళ్లు లేకపోతే, సుడి తిరిగి ఆ సుడిలోంచి గాలి లోపలికి వెళుతుంది. సంపు చివరి బొట్టుదాకా వాడుకోవాలని ఫుట్‌వాల్వును నేలకు ఆనించేవారు ఉన్నారు. దాని వల్ల అడుగున చేరిన ఒండ్రు అంతా పంపులోకి వెళుతుంది. నేల నుంచి అర అడుగు పైన ఉంచడమే మేలు. నీటిని కిందినుంచి పైకి లాగే ఎత్తు కూడా ఒక హద్దు దాటకూడదు. గాలి ఒత్తిడి లెక్క ప్రకారం 10.3 మీటర్లకు మించి ఏ పంపూ పీల్చలేదు, ఆచరణలో 6, 7 మీటర్లే హద్దు. ఇళ్ల సంపులు అంత లోతు ఉండవు కాబట్టి లోతు సాకు ఇక్కడ పనికిరాదు.

ధార ఒక్కసారిగా ఆగకుండా నెలనెలా సన్నబడుతూ వస్తుంటే లెక్క వేరు. ఫుట్‌వాల్వు జల్లెడకు నాచు, ఒండ్రు పట్టడం, పంపులో తిరుగుతూ నీటిని తోసే ఇంపెల్లరు రెక్కలు ఇసుకకు అరిగిపోవడం, బోరు నీటి సున్నం పైపు లోపల పేరుకోవడం దీనికి కారణాలు. వీటిలో ఎవరి అనుమానమూ పడనిది పాత గేట్‌వాల్వు. తిప్పుడు చక్రం మామూలుగానే తిరుగుతుంది కానీ లోపలి పలక కాడ నుంచి ఊడి దారికి అడ్డంగా పడిపోయి ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరిచే ఉందని మనం అనుకుంటూనే ఉంటాం.

రెండో రకం ఇబ్బందిలో మోటారు 'ఊఁ' అని మూలుగుతుంది కానీ తిరగదు. ఇక్కడ ఆలస్యం చేయకూడదు. తిరగని మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, "ఇంకొంచెంసేపు చూద్దాం" అని ఆగితే వైండింగు కాలడం ఖాయం. వెంటనే ఆపి, ఎంసీబీ దించి, వెనక ఫ్యాను వైపు షాఫ్టును, అంటే తిరిగే ఇరుసును తిప్పి చూడాలి. చాలా చిన్న మోటార్లలో షాఫ్టు చివర స్క్రూడ్రైవరు పట్టేటట్లు గాడి ఉంటుంది. అది కదలకపోతే ఇంపెల్లరు పట్టేసిందని అర్థం. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే, పంపు గదిలో నీళ్లుంటే పైపులోని గాలిని తామే తోసేసుకునే సెల్ఫ్‌ప్రైమింగు చిన్న మోటార్లలో ఇంపెల్లరుకూ దాని గదికీ మధ్య సందు చాలా తక్కువ. కుటుంబమంతా ఊరికి వెళ్లి కొన్ని వారాలు మోటారు వాడకపోతే ఇనుప గదికి తుప్పు పట్టి ఇత్తడి ఇంపెల్లరు కరుచుకుపోతుంది. ఒక్క ఇసుక రేణువు కూడా అదే పని చేయగలదు. అటూ ఇటూ మెల్లగా కదిలించి విడిపించాలి. సుత్తితో కొట్టడం వల్ల షాఫ్టు వంగి, అప్పటిదాకా లేని కొత్త జబ్బు వస్తుంది.

షాఫ్టు చేతికి సులువుగా తిరుగుతూనే కరెంటు వేస్తే మూలుగుతుంటే తప్పు సాధారణంగా కండెన్సరుది. ఒక ఫేజు మీద నడిచే మోటారుకు మొదటి తిప్పును అదే ఇస్తుంది. ఉబ్బిన కండెన్సరు చూడగానే తెలుస్తుంది, ఉబ్బకుండా బలహీనపడినది మీటరు పెడితేనే తెలుస్తుంది. కరెంటు ఆపిన తర్వాత కూడా దానిలో విద్యుత్తు నిలిచి ఉండగలదు కాబట్టి దాని తీగలను ఎలక్ట్రీషియనే విప్పడం మంచిది. కొత్తది కొనేటప్పుడు మోటారు పలక మీద ఎన్ని మైక్రోఫారాడ్లని రాసి ఉంటే అన్నే ఉండాలి. పెద్దది పెడితే మోటారుకు బలం వస్తుందనుకోవడం తప్పు. అది వైండింగును వేడెక్కించడమే చేస్తుంది. వోల్టు రేటింగు కూడా పాతదాని కంటే తక్కువ ఉండకూడదు. కండెన్సరు పోయిన మోటారు ఫ్యానును పుల్లతో తోసి నడిపించేవారిని నేను చూశాను. వేలు తెగే ప్రమాదం ఉన్న ఆ పనిని ఎవరూ చేయవద్దని ప్రాధేయపడి చెబుతున్నాను.

కండెన్సరు బాగున్నా మూలుగుతుంటే వోల్టేజీ చూడాలి. మోటారు ఆగి ఉన్నప్పుడు కాదు, స్విచ్చు వేసిన క్షణంలో మోటారు దగ్గరే చూడాలి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట 170 మాత్రమే ఉంటే, వోల్టేజీ పావు వంతు తగ్గినట్లే కనిపించినా బలం దాదాపు సగానికి పడిపోతుంది. లోపం ప్రతిసారీ వీధి లైనులోనే ఉండాలని లేదు. మీటరు పెట్టె నుంచి ఇంటి వెనక సంపు దాకా సన్నని తీగ లాగి ఉంటే ఆ దారిలోనే వోల్టేజీ పోతుంది. ఒక అశ్వశక్తి మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేస్తే ఈ బాధ ఉండదు.

కొన్ని మోటార్లు ఇరవై నిమిషాలు బాగా నడిచి వాటంతటవే ఆగిపోయి, అరగంట తర్వాత మళ్లీ ఏమీ జరగనట్లు తిరుగుతాయి. వాటి వైండింగులో వేడికి తెగి, చల్లారాక కలిసే రక్షణ స్విచ్చు ఉంటుంది, అది తన పని తాను చేస్తున్నదన్నమాట. ఎండాకాలం మన జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలు. వానకు తడవకూడదని మోటారుకు నాలుగు వైపులా రేకుపెట్టె బిగిస్తే, ఆ ఎండలో అది పొయ్యి మీద పెట్టినంత పనే. పైన నీడ, పక్కల గాలి రెండూ ఉండేటట్లు గూడు కట్టాలి.

స్విచ్చు వేసిన మరుక్షణమే ఎంసీబీ పడిపోతే ఎక్కడో షార్టు ఉన్నట్లు. కొంతసేపు నడిచాక పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతున్నట్లు. ఎంసీబీ బాగానే ఉండి, కరెంటు కారితే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ మాత్రమే పడుతుంటే కరెంటు భూమిలోకి కారుతోందని, అంటే వైండింగులోకి తడి చేరిందనో, ఎలుక తీగ కొరికిందనో తెలుసుకోవాలి. అది మాటిమాటికీ పడుతోందని విసుగెత్తి ఆర్సీసీబీని తప్పించి నేరుగా కలిపించుకోవడం ప్రాణాలతో చెలగాటం. ట్యాంకు కింద నల్లా తిప్పినప్పుడు చేతికి జిల్లుమంటే ఇంకేమీ ఆలోచించకుండా మోటారు వాడకం ఆపేయాలి. నీటి పైపుకు తీగ చుట్టి అదే ఎర్తింగని చెప్పుకోవడం కుదరదు. పీవీసీ పైపుల ఇళ్లలో అది భూమికి చేరదు.

మోటారు కింద తడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ చూస్తారు గానీ ఎవరూ పట్టించుకోరు. పంపుకూ మోటారుకూ మధ్య, షాఫ్టు చుట్టూ ఒక మెకానికల్ సీలు ఉంటుంది. అందులో ఒకటి కార్బను, మరొకటి పింగాణీ, రెండు నున్నని బిళ్లలు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. వాటి మధ్య ఉండే పలుచని నీటి పొరే వాటిని చల్లగా ఉంచుతుంది. సంపు ఖాళీ అయ్యాక మోటారు అలాగే తిరిగితే ఆ పొర ఉండదు, బిళ్లలు కాలి పగులుతాయి. అక్కడినుంచి మొదట చుక్క చుక్క కారుతుంది. మన బోరు నీళ్లు గట్టివి కాబట్టి ఆ చుక్కలు ఆరినచోట, మోటారు మెడ నుంచి కింది దిమ్మె దాకా తెల్లని ఉప్పుచార కనిపిస్తుంది. ఆ చార కనిపించినప్పుడే సీలు మార్పిస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. వదిలేస్తే ఆ నీళ్లు బేరింగుకు చేరి కీచుమనే శబ్దం మొదలవుతుంది, తర్వాత వైండింగు తడుస్తుంది. సీలు దగ్గర మొదలైనది చివరికి వైండింగు బిల్లుగా మారడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఖాళీ సంపులో మోటారు తిరగకుండా ఆటోమేటిక్ పరికరం పెట్టించుకుంటే మంచిదే, కానీ దాన్ని పెట్టి మరిచిపోకూడదు. నీటిలో వేలాడే సెన్సారు కడ్డీలకు సున్నం పట్టితే నీళ్లున్నా లేవని, లేకున్నా ఉన్నాయని తప్పుగా చెబుతాయి. నెలకొకసారి నిమ్మరసంతో రుద్ది కడిగితే ఆ సున్నం పోతుంది.

నీటి గట్టిదనం మాట వచ్చింది కాబట్టి మన జిల్లావాసిగా ఇది కూడా చెప్పాలి. బోరు నీటిలోని ఫ్లోరైడు మోటారుకు ఏ హానీ చేయదు, హాని మనకే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు, మరిగించినా అది పోదు. కృష్ణా నీళ్లనూ బోరు నీళ్లనూ ఒకే సంపులో కలిపి, ఆ కలిసిన నీళ్లనే వంటకూ తాగడానికీ వాడుతున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తాగే నీళ్లను నల్లా వచ్చినప్పుడే విడిగా పట్టుకోవాలి.

ఫుట్‌వాల్వు పైకి తీయడానికో, ఒండ్రు ఎత్తడానికో సంపులోకి దిగవలసి వస్తే మోటారు కరెంటు పూర్తిగా ఆపిన తర్వాతే దిగాలి. సంపు లోపలే మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. చాలాకాలం మూసి ఉన్న సంపులో ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగు చెక్కలు తడిలో కుళ్లి లోపలి ఆక్సిజను అంతా తినేస్తాయి. అలాంటి సంపులో చెక్కలు విప్పడానికి దిగినవారు స్పృహ తప్పి పడిపోవడం, వారిని తీయబోయి దిగినవారు కూడా అక్కడే పడిపోవడం తరచూ జరిగే విషాదం. మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వాలి, వీలైతే ఫ్యాను పెట్టి గాలి కొట్టాలి, నడుముకు తాడు కట్టుకోవాలి, పైన తాడు పట్టుకుని ఇద్దరు ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే వెంట దిగకుండా తాడుతోనే లాగాలి, లాగలేకపోతే 108కీ అగ్నిమాపక దళానికీ ఫోను చేయాలి.

ఇవన్నీ చూశాక కూడా మాడిన వాసన వస్తుంటే, వైండింగు పోయిందని మీటరు చెబుతుంటే, అప్పుడు దుకాణానికి వెళ్లవలసిందే. అర అశ్వశక్తి పాత మోటారుకు వైండింగు ఖర్చు, సీలు, బేరింగు కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనడమే నా సలహా. కొనేటప్పుడు అశ్వశక్తి కంటే ముందు పలక మీద హెడ్, అంటే నీళ్లు ఎక్కించగల ఎత్తు, ఎంతని రాసి ఉందో చదవాలి. సంపు అడుగు నుంచి ట్యాంకులో నీళ్లు పడే చోటుకు ఎత్తు కొలిచి, పైపు వంపుల కోసం అయిదో వంతు కలుపుకోవాలి. రెండంతస్తుల ఇంట్లో ఎత్తు 11 మీటర్లయితే 13, 14 మీటర్ల దగ్గర బాగా పనిచేసే మోటారు కావాలి. 40 మీటర్ల కోసం తయారైన సెంట్రిఫ్యూగల్ మోటారును 11 మీటర్ల ఇంటికి బిగిస్తే, అది అవసరానికి మించి నీళ్లు తోయబోయి, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. బిగించేటప్పుడు సక్షన్ వైపు ఒకటి, నీళ్లు పైకి పోయే డెలివరీ వైపు ఒకటి యూనియన్లు తప్పనిసరిగా పెట్టించండి. ఆ రెండూ ఉంటే ఫుట్‌వాల్వు చూడవలసి వచ్చిన ప్రతిసారీ పైపు కోయవలసిన పని ఉండదు.